లివర్ రక్తపరీక్షల్లో తేడా కనిపిస్తే ఫ్యామిలీ డాక్టరు ఏం చేయాలి?

లక్షణాలేవీ లేని మనిషికి వేరే ఏదో పనిమీద రక్తం తీయిస్తే ఏఎల్‌టీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 68 వస్తుంది. "కొంచెమే పెరిగింది, మూడు నెలలాగి మళ్ళీ చేయిద్దాం" అని పంపేస్తారు. మళ్ళీ చేయిస్తే 61. "తగ్గుతోందిగా" అంటారు. అలా ఏళ్ళు గడిచిపోతాయి. ఆ మనిషికి హెపటైటిస్ సి ఉందా, లివర్ గట్టిపడటం మొదలైందా అన్నది మాత్రం ఎవరూ చూడరు. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర జరిగిన ఒక పరిశీలనలో, తేడాగా వచ్చిన లివర్ పరీక్షల్లో 84 శాతం నెల తర్వాత చేసినా అలాగే ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత కూడా 75 శాతం మామూలు స్థాయికి రాలేదు. అంటే ఊరికే మళ్ళీ చేయించడం వల్ల తేలేది తక్కువ. మొదటిసారే కారణం వెతకాలి.

అంకె ఎంత పెరిగిందన్నది ఒక ప్రశ్న, లివర్ ఎంత చెడిందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. హెపటైటిస్ ఎ వచ్చిన కుర్రాడికి ఏఎల్‌టీ 2000 దాటినా, కొన్ని వారాల్లో తగ్గిపోయి లివర్ మునుపటిలా అవుతుంది. సిరోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడిపోవడం) ముదిరిన మనిషికి అదే ఏఎల్‌టీ 35 ఉండొచ్చు. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే మూడు సంగతులు తేల్చుకోవాలి. ఈ మనిషిని ఇప్పుడే ఆసుపత్రికి పంపాలా? కారణం ఏమై ఉంటుంది? లివర్‌లో ఇప్పటికే ఎంత మచ్చ కట్టింది? మూడోది అడగడం మరిచిపోవడమే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఏ అంకె దేని గురించి చెబుతుంది

ఏఎల్‌టీ (పాత రిపోర్టుల్లో ఎస్‌జీపీటీ), ఏఎస్‌టీ (ఎస్‌జీఓటీ) లివర్ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తాయి. ఏఎల్‌టీ ఎక్కువగా లివర్‌దే. ఏఎస్‌టీ గుండె కండరంలో, ఒంటి కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. అందుకే ఏఎస్‌టీ ఒక్కటే పెరిగితే ముందు సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము) చేయించండి. బరువులెత్తే వ్యాయామం గట్టిగా చేసిన వారం రోజుల దాకా ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రెండూ పెరిగి ఉండొచ్చు. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్ళలో, కండరాల జబ్బు ఉన్నవాళ్ళలో కూడా ఇదే కనిపిస్తుంది. రక్తం తీసేటప్పుడు శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలినా ఏఎస్‌టీ ఎక్కువ చూపిస్తుంది. రిపోర్టు కింద ల్యాబువాళ్ళు "హీమోలైజ్డ్" అని రాశారేమో ఒకసారి చూడండి. అదే శాంపిల్‌లో పొటాషియం కూడా కారణం లేకుండా పెరిగి ఉంటే అనుమానం బలపడుతుంది.

ల్యాబు అచ్చువేసే గరిష్ఠ పరిమితిని గుడ్డిగా నమ్మకూడదు. చాలా ల్యాబులు ఏఎల్‌టీకి 40 నుంచి 55 దాకా మామూలే అని రాస్తాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిజంగా ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి పైపరిమితి 29 నుంచి 33, ఆడవాళ్ళకి 19 నుంచి 25. మధుమేహం, ఊబకాయం ఉన్న స్త్రీకి 38 వస్తే, ల్యాబు నల్ల అక్షరాల్లోనే అచ్చువేసినా, అది మామూలు కాదు.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ అనే ఎంజైములు పెరిగితే పిత్తం పారే దారిలో ఇబ్బంది ఉందని అనుమానించాలి. లివర్ పనితనం చెప్పేవి బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె). ఆల్బుమిన్ సగం తగ్గడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కాబట్టి రెండు రోజుల్లో లివర్ కుప్పకూలుతున్నా ఆల్బుమిన్ మామూలుగానే కనిపిస్తుంది. ఐఎన్‌ఆర్ అలా కాదు. లివర్ తయారుచేసే ఏడో గడ్డకట్టే కారకం కొద్ది గంటల్లోనే తరిగిపోతుంది గనక, చెడిన సంగతి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. పిత్తం అడ్డుపడి విటమిన్ కె ఒంటికి పట్టకపోయినా ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చాక ఒక రోజులో సర్దుకుంటే కారణం అదే. సర్దుకోకపోతే లివర్ తయారీయే దెబ్బతింది. ఆల్బుమిన్ తగ్గడానికి మాత్రం లివర్‌తో సంబంధం లేని కారణాలు బోలెడు: మూత్రంలో ప్రోటీన్ పోవడం, పోషణ లోపం, ఏదైనా పెద్ద ఇన్ఫెక్షన్.

లివర్ ప్యానెల్‌లో లేని అంకె ఒకటి తప్పనిసరిగా చూడాలి. అది ప్లేట్‌లెట్లు. లివర్ గట్టిపడి పోర్టల్ సిరలో (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర) ఒత్తిడి పెరిగితే ప్లీహం ఉబ్బి, ప్లేట్‌లెట్లను పట్టేసుకుంటుంది. ఏళ్ళ తరబడి మెల్లగా 220 వేల నుంచి 140 వేలకు జారిన ప్లేట్‌లెట్లు ఎన్నో సందర్భాల్లో సిరోసిస్‌కి మొదటి ఆనవాలు. పాత రిపోర్టులు తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ జారుడు తెలుస్తుంది.

ఆగకూడని సందర్భాలు

కామెర్లతో పాటు మగత, తికమక, పగలు నిద్ర రాత్రి మెలకువ లాంటివి ఉండి, ఐఎన్‌ఆర్ 1.5 లేదా అంతకు మించి ఉంటే అది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్ (లివర్ హఠాత్తుగా కుప్పకూలడం) కావచ్చు. లివర్ మార్పిడి సదుపాయం ఉన్న ఆసుపత్రికి ఆ రోజే చేరాలి. కంగారుగా ఉన్నాడని నిద్రమందు ఇవ్వకండి. మగత పెరగడం మందు వల్లా జబ్బు వల్లా అన్నది తరవాత ఎవరికీ తెలియకుండా పోతుంది.

జ్వరం, వణుకు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కామెర్లు కలిసి వస్తే పిత్తనాళంలో చీము పట్టిందని అనుకోవాలి. స్కాన్ రిపోర్టు కోసం ఇంట్లో కూర్చోబెట్టకూడదు. కొన్ని గంటల్లోనే బీపీ పడిపోవచ్చు. పొట్టలో నీరు, రక్తపు వాంతి, నల్లటి విరేచనం ఉన్నా అదే రోజు ఆసుపత్రి. నొప్పి లేకుండా మెల్లగా ముదిరే కామెర్లు, బరువు తగ్గడం, వయసు 40 పైన అయితే క్లోమం క్యాన్సర్ కోసం కొద్ది రోజుల్లోనే స్కాన్ జరగాలి. కామెర్లు కదా అని పథ్యం పెట్టి వారాలు గడపడం వల్ల ఆపరేషన్‌కు పనికొచ్చే సమయం జారిపోతుంది.

ఏఎల్‌టీ 1000 దాటితే కారణాల జాబితా చిన్నదవుతుంది: వైరల్ హెపటైటిస్, పారాసిటమాల్ లేదా మరో మందు, బీపీ పడిపోయి లివర్‌కి రక్తం చాలకపోవడం, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే లివర్‌ని దెబ్బతీసే జబ్బు). రాయి పిత్తనాళంలో ఇరుక్కుని జారిపోయినప్పుడు కూడా ఒక్కోసారి అంత పెరిగి, రెండు మూడు రోజుల్లో గబగబా తగ్గిపోతుంది. పారాసిటమాల్ ఎంత వేసుకున్నారో, ఎప్పుడు వేసుకున్నారో ప్రతి ఒక్కరినీ అడగాలి. కావాలని మింగినవాళ్ళే కాదు, జ్వరానికో పంటినొప్పికో మూడు నాలుగు పేర్లతో ఉన్న మాత్రలు కలిపి రోజుల తరబడి వేసుకున్నవాళ్ళు కూడా ఉంటారు. అన్నిట్లోనూ పారాసిటమాల్ ఉందని వాళ్ళకి తెలియదు. దానికి విరుగుడైన ఎన్-ఎసిటైల్ సిస్టీన్ 8 గంటల్లోపు పడితే బాగా కాపాడుతుంది. ఆలస్యమైందని మానేయకూడదు, అప్పటికీ పనికొస్తుంది.

ఇంకొకటి గుర్తుంచుకోండి. మందు వాడుతున్న మనిషికి ఏఎల్‌టీ పైపరిమితికి మూడు రెట్లు దాటి, బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం పెద్దగా పెరగకపోతే, పదిమందిలో సుమారు ఒకరు ప్రాణం పోయేదాకానో లివర్ మార్పిడిదాకానో వెళ్ళవచ్చు. అమెరికన్ లివర్ నిపుణుడు హైమన్ జిమ్మర్‌మాన్ గమనించిన ఈ సంగతినే హై సూత్రం అంటారు. అనుమానమున్న మందు ఆ క్షణమే ఆపాలి, ఆ రోజే నిపుణుడితో మాట్లాడాలి.

మనిషిని అడగాల్సినవి

మందుల గురించి అడిగేటప్పుడు ఇవాళ వాడుతున్నవి అడిగితే చాలదు. గడిచిన ఆరు నెలల్లో మొదలుపెట్టినవి, ఆపేసినవి కూడా కావాలి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ కోర్సు అయిపోయాక కొన్ని వారాలకి కామెర్లు రావడం బాగా తెలిసిన సంగతి. వయసు మళ్ళిన మగవాళ్ళలో ఇది ఎక్కువ. "ఏం మందులు వాడుతున్నారు?" అంటే ఆ యాంటీబయాటిక్ పేరు ఎవరూ చెప్పరు, ఎందుకంటే అది అయిపోయింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, వాల్‌ప్రోయేట్, మెథోట్రెక్సేట్, అమియోడరోన్, నైట్రోఫ్యురాంటోయిన్, టెర్బినఫిన్ ఉన్నాయేమో పేరుపేరునా అడగండి.

మూలికా మందులు, ప్రోటీన్ పొడులు, బరువు తగ్గించే క్యాప్స్యూళ్ళ సంగతి విడిగా అడగాలి. చాలామంది దృష్టిలో అవి మందులు కావు. గ్రీన్ టీ సారం, పసుపు సారం క్యాప్స్యూళ్ళు, అశ్వగంధ వల్ల లివర్ దెబ్బతిన్న సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. కండలు పెంచే స్టెరాయిడ్లు వాడేవాళ్ళకి ఎంజైములు కొద్దిగానే పెరిగి, బిలిరుబిన్ మాత్రం విపరీతంగా పెరగవచ్చు. డబ్బాలు, స్ట్రిప్పులు అన్నీ సంచిలో వేసుకుని తెమ్మనడం కంటే మంచి పద్ధతి లేదు.

మద్యం గురించి "తాగుతారా?" అని కాక, వారంలో ఎన్ని రోజులు, తాగిన రోజు ఎంత, ఒక్కసారే ఎక్కువ తాగే రోజులు ఎన్ని అని మూడు ప్రశ్నలుగా, తప్పుపట్టే గొంతు లేకుండా అడగండి. ఆ తర్వాత రక్తమార్పిడి, ఇంజెక్షన్లు, పచ్చబొట్లు, తల్లికి గాని ఇంట్లో మరొకరికి గాని హెపటైటిస్ బి ఉండటం, మధుమేహం, కుటుంబంలో చిన్నవయసులో లివర్ జబ్బుతో పోయినవాళ్ళు. దురద, ముదురు రంగు మూత్రం, తెల్లబారిన విరేచనం ఉంటే పిత్తం అడ్డుపడిన వైపు ఆలోచన మళ్ళాలి. పరీక్ష చేసేటప్పుడు నడుం చుట్టుకొలత కొలవండి, ఛాతీమీద సాలీడు ఆకారంలో ఎర్రటి రక్తనాళాలు చూడండి, ప్లీహం తగులుతుందేమో చూడండి. మెడ సిరలు ఉబ్బి ఉంటే తప్పు లివర్‌ది కాదు, గుండెది కావచ్చు.

ఏ తీరుగా పెరిగింది?

కణాలు దెబ్బతిన్న తీరా, పిత్తం నిలిచిన తీరా అన్నది తేల్చడానికి ఆర్ విలువ లెక్కగట్టండి. ఏఎల్‌టీని దాని పైపరిమితితో భాగించాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ని దాని పైపరిమితితో భాగించాలి. మొదటి ఫలితాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఆర్. 5 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే కణాలు దెబ్బతిన్న తీరు, 2 లేదా అంతకు తక్కువైతే పిత్తం నిలిచిన తీరు, మధ్యలో ఉంటే మిశ్రమం.

ఉదాహరణకి ఏఎల్‌టీ 320, పైపరిమితి 40 అయితే 8 రెట్లు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 180, పైపరిమితి 120 అయితే ఒకటిన్నర రెట్లు. ఆర్ 5.3, అంటే కణాలకే దెబ్బ. అదే మనిషికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 480 ఉండి ఉంటే ఆర్ 2కి పడిపోయి, ముందు స్కాన్ వైపు వెళ్ళాల్సి వచ్చేది. ఒక జాగ్రత్త: రాయి ఇరుక్కున్న మొదటి రోజు ఏఎల్‌టీయే ముందు ఎగురుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొత్తగా తయారై రక్తంలోకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కడుపునొప్పితో వచ్చిన రోజు ఆర్ విలువ చూసి "ఇది వైరల్" అనేయకండి.

ఏఎల్‌టీ, ఏఎస్‌టీ పెరిగితే

ఒక్కో పరీక్ష ఒక్కోసారి రాస్తూ నెలలు లాగడం కన్నా మొదటి విడత అంతా ఒకేసారి పంపడం మేలు. హెచ్‌బీఎస్ యాంటిజెన్, హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ (ఈ రెండూ హెపటైటిస్ బి కోసం), హెపటైటిస్ సి యాంటీబాడీ, ఫెరిటిన్‌తో పాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (ఇనుము పేరుకుందేమో చూడటానికి), ఏఎన్ఏ, స్మూత్ మజిల్ యాంటీబాడీ, యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ, ఇమ్యునోగ్లోబ్యులిన్లు (ఈ నాలుగూ ఆటోఇమ్యూన్ జబ్బుల కోసం), హెచ్‌బీఏ1సీ (మధుమేహం కోసం), కొలెస్టరాల్, పూర్తి రక్తకణాల లెక్క, ఐఎన్‌ఆర్, పొట్ట అల్ట్రాసౌండ్. జబ్బు కొత్తగా, గట్టిగా మొదలైతే హెపటైటిస్ ఎ, ఇ ఐజీఎం (తాజాగా సోకితే కనిపించే యాంటీబాడీ) కూడా చేర్చండి.

హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ అంటే జబ్బు ఇప్పుడు ఉందని కాదు. కొంతమందికి అది దానంతటదే పోయి, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. వైరస్ ఇంకా ఉందా అన్నది ఆర్ఎన్ఏ పరీక్షతోనే తేలుతుంది. ఉందని తేలితే భయపెట్టకండి. ఈనాటి మాత్రలతో 8 నుంచి 12 వారాల్లో 95 శాతానికి పైగా పూర్తిగా నయమవుతోంది. హెచ్‌బీఎస్ యాంటిజెన్ పాజిటివ్ వస్తే హెచ్‌బీఈ యాంటిజెన్, డీఎన్ఏ, డెల్టా వైరస్ యాంటీబాడీ, హెచ్ఐవీ చేయించి నిపుణుడికి పంపాలి. ఇంట్లోవాళ్ళందరికీ పరీక్ష చేసి, లేనివాళ్ళకి టీకా వేయించాలి. ఏఎల్‌టీ మామూలుగా ఉందని హెపటైటిస్ బిని వదిలేయకూడదు.

ఫెరిటిన్ ఒక్కటే 500 ఉందని ఇనుము పేరుకుపోయిందనుకోవద్దు. ఫ్యాటీ లివర్, మద్యం, ఒంట్లో ఏ మంట (ఇన్‌ఫ్లమేషన్) వచ్చినా అది పెరుగుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 45 శాతం దాటితేనే హీమోక్రొమటోసిస్ (ఇనుము పేరుకుపోయే జబ్బు) జన్యుపరీక్ష గురించి ఆలోచించాలి. ఏఎన్ఏ తక్కువ టైటర్‌లో పాజిటివ్ రావడం ఫ్యాటీ లివర్‌లో కూడా మామూలే. దానితో పాటు ఐజీజీ (ఒక ఇమ్యునోగ్లోబ్యులిన్) పెరిగి ఉంటేనే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనుమానం గట్టిపడుతుంది.

పిల్లల్లో, 40 లోపువాళ్ళలో కారణం దొరకకపోతే విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జన్యుజబ్బు) కోసం సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్) చేయించాలి. డెసీలీటరుకి 20 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే అనుమానించాలి. ఒంట్లో మంట ఉన్నా, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతున్నా అది అబద్ధంగా మామూలుగా కనిపిస్తుంది. అనుమానం పోకపోతే 24 గంటల మూత్రంలో రాగి కొలిపించి, కళ్ళ డాక్టరుతో స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించండి. మందుతో నిలబెట్టగల జబ్బు ఇది, దాటిపోనివ్వకూడదు. సీలియాక్ జబ్బు (గోధుమ పడని పేగుల జబ్బు), థైరాయిడ్, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం కూడా ఈ రెండో విడతలోనే చూడాలి.

మద్యం వల్ల అయితే ఏఎస్‌టీ ఏఎల్‌టీకి రెట్టింపు దాకా ఉంటుంది. అయినా ఏ ఒక్కటీ 300 దాటడం అరుదు. తాగే మనిషికి ఏఎస్‌టీ 1500 వచ్చిందంటే "తాగుడే" అని సరిపెట్టుకోకండి. పారాసిటమాల్ కలిసిందేమో, వైరస్ ఉందేమో వెతకండి. ఫ్యాటీ లివర్‌లో మొదట ఏఎల్‌టీయే ఎక్కువ ఉంటుంది. మచ్చ కట్టేకొద్దీ ఏఎస్‌టీ దాన్ని దాటుతుంది. కాబట్టి మద్యం ముట్టని మధుమేహ రోగికి ఏఎస్‌టీ పైన ఉంటే అది సిరోసిస్ హెచ్చరిక.

స్కాన్‌లో కొవ్వు కనిపించగానే వెతుకులాట ఆపేయడం ఇంకో పెద్ద పొరపాటు. కొవ్వు చాలామందిలో ఉంటుంది. దాని పక్కనే హెపటైటిస్ సి కూడా ఉండొచ్చు. పైగా లివర్‌లో కొవ్వు సుమారు 20 శాతం దాటితే గాని అల్ట్రాసౌండ్‌కి సరిగ్గా దొరకదు. మచ్చ ఎంత కట్టిందో అది దాదాపు చెప్పలేదు. "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అన్న మాటలో గ్రేడ్ కొవ్వుకు సంబంధించినది, గట్టిదనానికి కాదు. గ్రేడ్ 1 చూసి ఊరట పడినవాళ్ళలో సిరోసిస్ ఉండొచ్చు, గ్రేడ్ 3 చూసి బెంబేలెత్తినవాళ్ళలో మచ్చే లేకపోవచ్చు.

మచ్చ ఎంత కట్టింది: ఫిబ్-4 లెక్క

ఫ్యాటీ లివర్, మద్యం, హెపటైటిస్ సి ఉన్న ప్రతి మనిషికీ ఈ లెక్క చేయాలి. ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు. వయసును ఏఎస్‌టీతో గుణించండి. ప్లేట్‌లెట్లను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి. రిపోర్టులో 1.8 లక్షలు అని ఉంటే 180 వేయాలి. ఇక్కడ 1.8 గాని 1,80,000 గాని వేస్తే జవాబు అర్థం లేకుండా వస్తుంది.

వయసు 52, ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 180 అనుకోండి. పైన 2496, కింద 180ని 8తో గుణిస్తే 1440. జవాబు 1.73. ఇప్పుడు ఇంకో మనిషి: వయసు 60, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 130. పైన 2400, కింద 780. జవాబు 3.08. రెండో మనిషి ఎంజైములు చాలా ల్యాబుల లెక్కలో మామూలే, అయినా లివర్ ముదిరి ఉండే అవకాశం మొదటి మనిషి కన్నా అతనికే ఎక్కువ. ఏఎల్‌టీ అంకె ఒక్కటే చూసి ఎవరిని ముందు పంపాలో నిర్ణయించే డాక్టరు ఈ ఇద్దరినీ తారుమారు చేస్తాడు.

1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్ళకి ఈ గీత 2.0. 2.67 దాటితే నేరుగా లివర్ నిపుణుడికి పంపాలి. మధ్యలో ఉంటే ఎలాస్టోగ్రఫీ (లివర్ గట్టిదనం కొలిచే స్కాన్) చేయించాలి. తక్కువ వచ్చినవాళ్ళని కూడా మరిచిపోకూడదు. మధుమేహం ఉంటే ఏడాది రెండేళ్ళకోసారి, లేకపోతే రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ లెక్కగట్టాలి.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవడం కూడా అంతే అవసరం. 35 లోపువాళ్ళలో నమ్మకం తక్కువ. ఏఎల్‌టీ వందల్లో ఉన్న తాజా హెపటైటిస్‌లో అసలు వాడకూడదు. వైరల్ జ్వరం వల్లో, ప్లేట్‌లెట్లను తినేసే వేరే జబ్బు వల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే, ఏఎస్‌టీ కండరాల నుంచి వచ్చి ఉంటే జవాబు ఊరికే పెరిగిపోతుంది. అలాంటప్పుడు ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ రక్తం తీయించి లెక్కగట్టాలి.

ఎలాస్టోగ్రఫీకి కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళమనండి. తిన్న వెంటనే లివర్‌కి రక్తప్రవాహం పెరిగి గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది. గుండె వైఫల్యం, పిత్తం అడ్డు, హెపటైటిస్ మంట ఉన్నా అంతే. 8 కిలోపాస్కల్స్ లోపు ఉంటే మీ దగ్గరే చూసుకోవచ్చు. 8 నుంచి 12 మధ్య ఉన్నా, 12 దాటినా నిపుణుడి దగ్గరికి. సిరోసిస్ ఉందని తేలితే ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌తో లివర్ క్యాన్సర్ కోసం చూస్తూ ఉండాలి.

ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి "బరువు తగ్గండి" అంటే చాలదు, ఎంతో చెప్పాలి. ఒంటిబరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే మంట తగ్గుతుంది. 10 శాతం దాటితే మచ్చ కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది. 90 కిలోల మనిషికి అది 4.5 కిలోలు, తర్వాత 9 కిలోలు. అంకె చేతికిస్తే మనిషి దాన్ని పట్టుకుంటాడు. కొలెస్టరాల్‌కి స్టాటిన్ అవసరమైతే, ఏఎల్‌టీ పైపరిమితికి మూడు రెట్ల లోపు ఉన్నంతవరకు, ఫ్యాటీ లివర్ ఉందని ఆపకండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళ ప్రాణం ఎక్కువగా తీసేవి గుండె, రక్తనాళాల జబ్బులే.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితే

ముందు జీజీటీ చూడండి. అది మామూలుగా ఉంటే ఎంజైము ఎముకల నుంచి వచ్చి ఉండొచ్చు. ఎదిగే పిల్లల్లో, గర్భం చివరి నెలల్లో పెరగడం సహజం. పెద్దవాళ్ళలో అయితే విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చేయించాలి. కొంతమందిలో కొవ్వు ఎక్కువున్న భోజనం చేశాక కాసేపు పెరుగుతుంది, పరగడుపున తీస్తే తేలిపోతుంది.

జీజీటీ కూడా పెరిగితే అల్ట్రాసౌండ్. పిత్తనాళం వెడల్పయి ఉంటే రాయో గడ్డో వెతకడానికి ఎంఆర్‌సీపీ (పిత్తనాళాల ఎంఆర్ఐ స్కాన్). వెడల్పు కాకపోతే మందులు, ఆ తర్వాత యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ. నలభై దాటిన స్త్రీకి అలసట, ఒంటినిండా దురద, ఈ యాంటీబాడీ పాజిటివ్ ఉంటే ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ (లివర్‌లోని చిన్న పిత్తనాళాలు మెల్లగా పాడయ్యే జబ్బు) అని బయాప్సీ లేకుండానే చెప్పవచ్చు. దానికి అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ ఒంటిబరువు కిలోకి రోజుకి 13 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన వాడాలి. తక్కువ మోతాదు ఇచ్చి పనిచేయలేదనుకోవడం తరచుగా జరుగుతుంది. పేగుల్లో అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్ళకి ఎంఆర్‌సీపీ తప్పనిసరి. జ్వరం, బరువు తగ్గడం ఉండి స్కాన్ మామూలుగా ఉంటే లివర్‌లోకి పాకిన క్షయ, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) గుర్తుకురావాలి.

జీజీటీ ఒక్కటే పెరిగితే మద్యం, మూర్ఛ మందులు, బరువు గురించి అడిగి, మచ్చ లెక్క కట్టి ఆగండి. దాని వెంట పెద్ద పరీక్షల వరస అక్కర్లేదు.

బిలిరుబిన్ ఒక్కటే పెరిగితే

డైరెక్ట్ (లివర్ మార్చినది), ఇండైరెక్ట్ (ఇంకా మార్చనిది) విడగొట్టమనండి. ఎక్కువభాగం ఇండైరెక్ట్ అయి, మొత్తం డెసీలీటరుకి 3 మిల్లీగ్రాముల లోపు ఉండి, ఎంజైములు మామూలుగా ఉంటే, రక్తహీనత లేకపోతే, రెటిక్యులోసైట్లు, ఎల్‌డీహెచ్ (ఎర్రకణాలు పగులుతున్నాయేమో చెప్పే పరీక్షలు) సరిగ్గా ఉంటే అది గిల్‌బర్ట్ సిండ్రోమ్. ఉపవాసం, జ్వరం, నిద్రలేమి వల్ల పెరుగుతుంది. జబ్బు కాదు, మందు లేదు. ఈ సంగతి కాగితం మీద రాసి ఇవ్వండి. లేకపోతే జీవితాంతం ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు కామెర్లని చెప్పి భయపెడతారు. డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగితే మాత్రం ఎప్పుడూ కారణం వెతకాల్సిందే.

గర్భిణి అయితే

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం, ఆల్బుమిన్ తగ్గడం మామూలే. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్ పెరగడం ఎప్పుడూ మామూలు కాదు. బీపీ, ప్లేట్‌లెట్లు అదే రోజు చూడాలి, అరచేతుల్లో, అరికాళ్ళలో దురద ఉంటే రక్తంలో బైల్ యాసిడ్స్ (పిత్త ఆమ్లాలు) చేయించాలి. హెపటైటిస్ ఇ గర్భం చివరి మూడు నెలల్లో ప్రాణం మీదకి తెస్తుంది గనక ప్రసూతి నిపుణుల చేతికి ఆలస్యం లేకుండా అప్పగించాలి.

మందు వాడుతుండగా పెరిగితే

క్షయ మందులు మొదలుపెట్టాక ఏఎల్‌టీ కొద్దిగా పెరగడం తరచుగా జరుగుతుంది, దానంతటదే సర్దుకుంటుంది. వాంతులు, ఆకలి చచ్చిపోవడం, కామెర్లు లాంటివి ఉండి పైపరిమితికి మూడు రెట్లు దాటినా, ఏ లక్షణం లేకుండా ఐదు రెట్లు దాటినా మందులు ఆపి, క్షయ నిపుణుడి సలహాతో ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టాలి. మందు మొదలుపెట్టే ముందే ఒకసారి లివర్ పరీక్షలు చేయించి ఉంచితే, తర్వాత పెరిగింది మందు వల్లా, అంతకు ముందునుంచే ఉందా అన్న వాదన ఉండదు. క్షయ మందుల్ని అలా నిపుణుడి సలహాతో మళ్ళీ మొదలుపెట్టడం వేరు; అది తప్ప, అనుమానంతో ఆపిన ఏ మందునైనా పరీక్ష కోసమని మళ్ళీ ఇచ్చి చూడకండి. రెండోసారి వచ్చే దెబ్బ మొదటిదానికన్నా వేగంగా, గట్టిగా ఉండొచ్చు.

ఏ కారణమూ దొరకకపోతే

మొదటి రెండు విడతలూ మామూలుగా వచ్చి, ఫిబ్-4 తక్కువ ఉండి, మనిషి బాగుంటే, మద్యం మాని, అవసరం లేని మూలికా మందులు ఆపి, మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించడం అప్పుడు సబబు. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే నిపుణుడికి పంపండి. ఉత్తరంలో పాత రిపోర్టుల అంకెలన్నీ తేదీలతో వరసగా రాయండి, ప్లేట్‌లెట్లతో సహా. ఫిబ్-4 విలువ, బరువు, ఎత్తు, మద్యం ఎంతో స్పష్టంగా ఉండాలి. చేయించిన యాంటీబాడీ పరీక్షల్లో నెగటివ్ వచ్చినవి కూడా పేర్కొనండి, లేకపోతే అవే మళ్ళీ చేయిస్తారు. మందుల జాబితాలో ప్రతి మందు ఎదురుగా మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాయండి. మందు వల్ల వచ్చిన జబ్బును నిపుణుడు పట్టుకునేది ఆ తేదీల్ని ఎంజైముల తేదీలతో సరిపోల్చే.